చెట్టు కింద 1968 వేలియంట్

కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో మా ఇంటికి నాలుగు వీధుల అవతల, 1950లలోనూ 1960లలోనూ కట్టిన ఒంటి అంతస్తు ఇళ్ల వరుస ఒకటి ఉంది. ఆదివారం పొద్దున నడకకు నేను అటే వెళ్తాను. గత ఫిబ్రవరిలో, రాత్రంతా వాన కురిసి వెలిసిన ఒక ఉదయం, ఆ వరుసలో ఒక ఇంటి ముందు చెట్టు కింద లేత నీలిరంగు నాలుగు తలుపుల కారు ఆగి ఉంది. ప్లిమత్ వేలియంట్. పేరు బండి మీద రాసే ఉంది కాబట్టి దానికి కష్టపడనక్కరలేకపోయింది. మిగిలినవన్నీ, అంటే అది ఏ ఏడాదిది, ఎక్కడ తయారైంది, ఎవరి చేతుల్లో ఎలా బతికింది అన్నవి తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ తెలుసుకున్న తీరును పూసగుచ్చినట్టు రాసిపెట్టాలన్న కోరికతో ఇది రాస్తున్నాను.

నన్ను అక్కడ నిలబెట్టినవి దాని తలుపుల సందులు. తలుపుకూ తలుపుకూ మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పున ఉంది. ఒకసారి గుద్దుకుని డెంటింగు చేయించుకున్న బండిలో ఆ సందు ఎక్కడో ఒకచోట వెడల్పవుతుంది, లేదా తలుపు అంచు పక్క రేకు కంటే వెంట్రుకవాసి పైకి లేస్తుంది. ఇక్కడ అదేమీ లేదు. రెండవది దాని రంగు. బానెట్ ముందు అంచున, మడ్‌గార్డుల పై వంపుల మీద రంగు అరిగి, కింద వేసిన ప్రైమర్ పలచగా తొంగిచూస్తోంది. ఆ రోజుల్లో కార్లకు ఇప్పటిలా రంగు మీద మరొక పారదర్శకమైన పూత వేసేవారు కాదు. యజమాని గుడ్డపెట్టి పాలిష్ చేసిన ప్రతిసారీ రంగు పిసరంత గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. వంపుల మీద అలా అరిగి, పల్లాల్లో నిండుగా మిగిలిన రంగు ఫ్యాక్టరీలో వేసినదేనని, ఎవరో దశాబ్దాల పాటు చేత్తో తుడిచారని చెబుతుంది. అద్దంలా మెరిసే కొత్త రంగు వేయించిన పాత కార్లను నేను ప్రదర్శనల్లో ఎన్నో చూశాను. వాటి ముందు రెండు నిమిషాలు నిలబడి వెళ్లిపోయేవాణ్ని. ఈ బండి దగ్గర అరగంట ఉన్నాను.

ఇతరుల బండిని చూసేటప్పుడు నేను పెట్టుకున్న నియమాలు కొన్ని ఉన్నాయి. ఫుట్‌పాత్ దిగను, బండిని తాకను, అద్దానికి ముఖం ఆనించను, ఫొటో తీస్తే నంబరు పలకను తప్పిస్తాను. ఇంటివాళ్లు కిటికీలోంచి చూస్తున్నట్టు అనిపిస్తే చెయ్యెత్తి నమస్కరించి ముందుకు సాగుతాను. తెలియని మనిషి తమ కారు చుట్టూ తచ్చాడుతుంటే ఎవరికైనా భయం కలుగుతుంది, అది న్యాయమైన భయం కూడాను.

ఏడాది సంగతికి వస్తాను. 1967లో కొత్త రూపంతో వచ్చిన వేలియంట్ ఆ తరువాత చాలా ఏళ్లు పెద్దగా మారలేదు కనుక, దూరం నుంచి చూస్తే ఒక ఏడాది బండికీ మరొక ఏడాది బండికీ తేడా పట్టడం కష్టం. అక్కడ నాకు దారి చూపినది అమెరికా ప్రభుత్వపు చట్టం. 1966 సెప్టెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వాహన భద్రత చట్టం మీద సంతకం చేశారు. దాని కింద వచ్చిన నియమాలు 1968 జనవరి 1 నుంచి అమలయ్యాయి. ఆ రోజు మొదలు తయారయ్యే కార్లకు ముందూ వెనుకా పక్కవైపున దీపంగాని, వెలుతురుపడితే మెరిసే రిఫ్లెక్టర్‌గాని ఉండి తీరాలి. ప్లిమత్ కార్లు చేసిన క్రైస్లర్ కంపెనీ 1968 మోడల్ కార్లకు బొత్తాం లాంటి చిన్న గుండ్రటి దీపాలు పెట్టి, మరుసటి ఏడాదే వాటిని తీసేసి పొడవాటి రిఫ్లెక్టర్లకు మారింది. ఈ బండి ముందు మడ్‌గార్డు మీద హెడ్‌లైటుకు కొంచెం వెనుకగా, రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దదైన గుండ్రటి దీపం ఉంది. వెనుక మడ్‌గార్డు మీద అలాంటిదే ఎర్రది ఉంది. కాబట్టి ఇది 1968 మోడల్.

అంతటితో ఆగిపోవచ్చు గానీ, అక్కడే నా ఆసక్తి పెరిగింది. అమెరికాలో 1968 మోడల్ అంటే 1967 శరదృతువు నుంచి 1968 వేసవి దాకా తయారైన బండి. అందులో ఆ నియమాలకు ముందు పుట్టినవీ ఉన్నాయి, తరువాత పుట్టినవీ ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే ముందు సీట్ల పైన, కప్పు అంచున క్లిప్పులతో బిగించి ఉంచిన భుజం బెల్టులు కనిపించాయి. నడుము బెల్టుకూ దానికీ సంబంధం లేదు, విడిగా ఒక పట్టీలా వేలాడదీసి ఉంచేవారు. ముందు సీట్లకు ఆ బెల్టులు తప్పనిసరి అయినదీ 1968 జనవరి 1 నుంచే. మరి తల ఆనించుకునే దిండ్లు సీట్ల మీద లేవు. అవి 1969 జనవరి 1 నుంచి తప్పనిసరి అయ్యాయి. అంతకుముందే డబ్బు కట్టి భుజం బెల్టులు పెట్టించుకున్నవారూ ఉండేవారు కనుక ఇది గట్టి రుజువు కాదు. అయినా ఈ బండి 1968 జనవరికీ ఆ వేసవికీ మధ్య పుట్టి ఉంటుందని నేను నోటుబుక్కులో రాసుకున్నాను.

నంబరు పలక కూడా ఒక సాక్షి. నల్లటి పలక మీద పసుపు అక్షరాలు, మూడు అక్షరాల తరువాత మూడు అంకెలు. కాలిఫోర్నియాలో 1963 నుంచి 1969 దాకా ఇచ్చిన పలకలు ఇవి. ఆ తరువాత నీలి పలకలు వచ్చాయి. ఇక్కడ బండి చేతులు మారినా పలక సాధారణంగా బండితోనే ఉంటుంది. 1963లో ‘ఏ’తో మొదలైన వరుస ఆ దశాబ్దం చివరికి అక్షరమాల కొసకు చేరింది. ఈ పలక ఆ కొసకు దగ్గరలోని అక్షరంతో మొదలైంది. అంటే ఈ కారు కొత్తలోనే కాలిఫోర్నియాలో రిజిస్టరై, ఇక్కడే ఉండిపోయిందన్నమాట. అయితే ఇందులో ఒక జాగ్రత్త అవసరం. ఇప్పుడు అదనపు రుసుము కడితే ఏ కారుకైనా నల్లరంగు పలక ఇస్తున్నారు, తయారైన ఏడాదికి సరిపోయే అసలు పాత పలకను వెతికి తెచ్చి పాత బండికి బిగించుకునే వీలూ ఉంది. రంగు చూసి మోసపోకూడదు. ఈ పలక అంచులు వంగి, బోల్టుల చుట్టూ రంగు లేచి, వాటి గుర్తులు బంపరు మీది గుర్తులతో కలిసిపోయి ఉన్నాయి. ఆ రెండూ కలిసి ముసలివయ్యాయని నాకు నమ్మకం కలిగింది.

ముందు అద్దం కింద, డ్రైవరు వైపు డ్యాష్‌బోర్డు మూలన చిన్న రేకు మీద వాహనపు నంబరు ఉంటుంది. ఇది కూడా ఆ రోజుల్లో వచ్చిన మార్పే. 1967 దాకా క్రైస్లర్ ఆ రేకును తలుపు కీలు ఉండే స్తంభం మీద బిగించేది. 1968లో బయటి నుంచి కనిపించేలా అద్దం కిందికి తెచ్చింది. ఫుట్‌పాత్ మీద నిలబడితే డ్రైవరు వైపు కనపడదు. అందుకని వీధి ఖాళీగా ఉన్నప్పుడు రోడ్డు దాటుతూ, నడక నెమ్మది చేసి, ఒక్కసారి చూసి గుర్తుపెట్టుకున్నాను. మొదటి ఏడు గుర్తులు చాలు. వి, ఎల్, 41, బి, 8, బి. ‘వి’ అంటే వేలియంట్. ‘ఎల్’ అంటే తక్కువ ధర రకం. 41 అంటే నాలుగు తలుపుల సెడాన్. మొదటి ‘బి’ ఇంజను, 225 ఘనపు అంగుళాలది, మన లెక్కలో 3.7 లీటర్లు. 8 అంటే 1968. చివరి ‘బి’ ఫ్యాక్టరీ, మిషిగన్‌లోని హామ్‌ట్రామిక్. డాడ్జ్ సోదరుల కాలం నుంచి నడిచి 1980లో మూతపడిన ఆ మహా కర్మాగారాన్ని తరువాత పడగొట్టారు. ఆ ఫ్యాక్టరీ ఆనవాలు సన్నీవేల్‌లో ఒక చెట్టు కింద రేకు మీద ఒక్క అక్షరంగా మిగిలి ఉండడం నన్ను కదిలించింది.

తుప్పు గురించి కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే పాత అమెరికా కారు ప్రాణం దాని చేతిలోనే ఉంటుంది. మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ లాంటి చలి రాష్ట్రాల్లో చలికాలమంతా రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు మడ్‌గార్డుల లోపలికి, తలుపుల అడుగుకు, డిక్కీ నేలకు చేరి కూర్చుంటుంది. పదేళ్లు తిరగకుండానే రేకు తినేస్తుంది. సన్నీవేల్‌లో మంచు పడదు, వేసవంతా చుక్క వాన ఉండదు. అందుకే ఇక్కడి బండ్లకు రేకు మిగులుతుంది. దానికి బదులు ఎండ తన వాటా తాను తీసుకుంటుంది. ఈ వేలియంట్ డ్యాష్‌బోర్డు మీది మెత్త మూడుచోట్ల పగిలింది, వెనుక అద్దం కింది అట్ట వంకరపోయింది. నేను వంగి చూసిన చోట్లు నాలుగు. ముందు చక్రాల వెనుక మడ్‌గార్డు అడుగు, తలుపుల కింద పొడవునా ఉండే రేకు, వెనుక చక్రాల వెనుక వంపు, వెనుక అద్దం కింది మూలలు. పుట్టీ పెట్టిన చోట వెలుతురు ఏటవాలుగా పడితే ఉపరితలం నీటి అలలా కనిపిస్తుంది. ఉదయపు ఎండలో ఈ బండి పక్క రేకుల మీద ఎదురింటి కంచె నీడ గీతగీసినట్టు తిన్నగా పడింది. అయస్కాంతం పెట్టి చూస్తే పుట్టీ ఇంకా కచ్చితంగా తెలుస్తుంది, కానీ పిలవని పేరంటానికి వెళ్లినవాడు పరాయివాళ్ల బండి మీద అయస్కాంతం పెట్టకూడదు.

కుడివైపు ముందు మడ్‌గార్డు అడుగున, తలుపుకు దగ్గరగా, వేలిగోరంత లోహపు నక్షత్రం ఒకటి ఉంది. ఐదు త్రికోణాలు కలిసిన క్రైస్లర్ గుర్తు, పెంటాస్టార్. 1963 మోడల్ నుంచి సుమారు పదేళ్లపాటు ఆ కంపెనీ కార్లకు కుడిపక్క మాత్రమే దాన్ని పెట్టేవారు. అమెరికాలో బండి రోడ్డుకు కుడి అంచున ఆగుతుంది కనుక ఫుట్‌పాత్ మీద నడిచేవారి కంటికే అది ఆనుతుంది. ఆ నక్షత్రం చూసినప్పుడు మా తాతగారు గుర్తుకొచ్చారు. ఆయన కాకినాడలో తన చిన్నప్పటి కార్ల గురించి చెప్పేటప్పుడు ‘ప్లిమతు’ అని చివర ఉకారం చేర్చి, ఒక రకమైన గౌరవంతో పలికేవారు. ఆ పేరు ఆయన దాకా రావడానికి కారణం ఉంది. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్, బొంబాయి కుర్లాలో 1947 నుంచి డాడ్జ్, ప్లిమత్, డిసోటో కార్లను బిగించి అమ్మింది. తరువాత అదే కంపెనీ ఫియట్లు, పద్మినీలు చేసింది.

మూడో ఆదివారం వెనుక చక్రం దగ్గర వంగి ఉండగా వాకిలి తలుపు తెరుచుకుంది. ఎనభై దాటిన ఒక పెద్దావిడ బయటికి వచ్చి, ఏమైనా పడేసుకున్నారా అని అడిగారు. నేను లేచి, నాలుగు వీధుల అవతల ఉంటానని చెప్పి, కారు చూస్తున్నానని, అనుమతి అడగకుండా చూసినందుకు మన్నించమని అన్నాను. ఏ ఏడాదిదో చెప్పగలరా అని ఆవిడ అడిగారు. 1968, బహుశా వసంతకాలంలో తయారైంది, హామ్‌ట్రామిక్ నుంచి వచ్చింది, కొన్నప్పటి నుంచీ కాలిఫోర్నియా దాటి కాపురం పెట్టలేదు అని చెప్పాను. ఆవిడ కాసేపు నా వైపే చూసి, లోపలికి వెళ్లి తాళంచెవులు తెచ్చారు.

బండి ఆవిడ భర్త 1968 జూన్‌లో కొత్తగా కొన్నది. ఆయన పోయి ఆరేళ్లయింది. దూరం లెక్క చూపే మీటరులో 38 వేల మైళ్ల పైచిలుకు ఉంది. ఆ కాలపు మీటర్లకు ఐదు అంకెలే కాబట్టి లక్ష దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి. 38 వేలా, లక్షా 38 వేలా అన్నది మీటరు చెప్పదు. నేను బ్రేకు పెడల్ వైపు చూశాను. రబ్బరు కుడి మూలన గీతలన్నీ అరిగి నున్నగా అయింది, డ్రైవరు తలుపు మీద మోచెయ్యి ఆనే చోటు నల్లబడి మెరుస్తోంది. లక్ష దాటింది కదండీ అన్నాను. ఒకసారి దాటిందని, ఆ రోజు పిల్లలందరినీ ఎక్కించుకుని ఆ సున్నాలు తిరగడం చూడడానికే వీధి చుట్టూ తిప్పారని ఆవిడ చెప్పారు.

ఆవిడకు ఒక బాధ ఉంది, అది నాకూ బాధే అయింది. భర్త పోయిన కొత్తలో టైర్లు మార్పించడానికి బండిని ఒక దుకాణానికి పంపితే, ఎడమవైపు చక్రాల స్టడ్‌లు, అంటే నట్లు ఎక్కించే మరల కడ్డీలు, రెండు విరగ్గొట్టి పంపారట. ఆ రోజుల్లో క్రైస్లర్ కార్లకు ఎడమవైపు చక్రాల నట్లు ఎదురు మర ఉన్నవి. అందరూ తిప్పే వైపు తిప్పితే అవి ఊడిరావు, ఇంకా బిగుసుకుంటాయి. స్టడ్ కొసన ‘ఎల్’ అని అక్షరం కొట్టి ఉంటుంది. నాలుగు సెకన్లు వంగి చూస్తే తెలిసే సంగతి. యంత్రంతో బిగించి లాగేవారికి ఆ నాలుగు సెకన్లు లేకపోయాయి. విరిగిన చోట కొత్త స్టడ్‌లు వేయించడానికి ఆవిడకు చాలా తిరుగుడయింది. ఇలాంటి బండి యాభై ఏళ్లు ఎండకూ వానకూ ఓర్చి, పది నిమిషాల అజాగ్రత్తకు దెబ్బతినడం నేను ఓర్చుకోలేను.

బానెట్ ఎత్తినప్పుడు లోపల ఎడమ మడ్‌గార్డు గోడ మీద రెండు మరలతో బిగించిన రేకు కనిపించింది. రంగు, సీటు గుడ్డ, తయారీకి నిర్ణయించిన తేదీ అన్నీ అందులో గుర్తుల రూపంలో కొట్టి ఉంటాయి. తేదీకి మూడు గుర్తులు, మొదటిది 4. అంటే ఏప్రిల్. భుజం బెల్టుల లెక్క నిలిచింది. ఇంజను సంగతి చెప్పకుండా ఉండలేను. ఆరు సిలిండర్లు వరుసగా ఉన్న ఈ ఇంజను నిటారుగా ఉండదు, పక్క సీటు వైపుకు 30 డిగ్రీలు వాలి ఉంటుంది. బానెట్‌ను కిందికి దించడానికీ, వాలగా మిగిలిన ఖాళీలో గాలి వెళ్లే గొట్టాలను పొడవుగా, ఆరింటికీ ఇంచుమించు సమంగా పంచడానికీ అలా చేశారు. 1960 మోడల్‌తో మొదలై 1983 దాకా క్రైస్లర్ కార్లలో అది నడిచింది. నూనె మార్చి, వాల్వుల సందు సరిచూస్తూ ఉంటే చెడిపోని ఇంజను అన్న పేరు దానిది. ఆవిడ తాళం తిప్పగానే స్టార్టరు ఒక సన్నటి కూతతో మొదలై, రెండు మూడు స్వరాలు ఎక్కి, ఇంజను అందుకోగానే తెగిపోయింది. స్టార్టరు మోటారుకు లోపల పళ్ల చక్రాల జత ఉండడం వల్ల వచ్చే ఆ కూత క్రైస్లర్ బండ్లకే ప్రత్యేకం. కళ్లు మూసుకుని విన్నా ఏ ఇంటి బండో చెప్పవచ్చు.

మే నెలలో ఒక గురువారం ఆవిడ ఫోన్ చేశారు. బండి స్టార్టవుతోంది, తాళం వదలగానే ఆగిపోతోంది అన్నారు. వింటూనే అర్థమైంది. తాళం తిప్పి పట్టినంతసేపు బ్యాటరీ కరెంటు నేరుగా, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే కాయిలుకు వెళ్తుంది. వదిలాక వేరే దారిలో, బానెట్ కింద వెనుక గోడ మీద ఉండే తెల్లటి పింగాణీ ముక్క గుండా వెళ్తుంది. దాన్ని బాలాస్ట్ రెసిస్టర్ అంటారు. లోపలి తీగ కాలి తెగితే సరిగ్గా ఇదే జరుగుతుంది. నేను వెళ్లేసరికి ఆవిడ గ్లవ్ బాక్సు తెరిచి ఉంచారు. భర్త ఎప్పుడో కొని కాగితంలో చుట్టి పెట్టిన కొత్తది అందులో ఉంది. ఒక మర విప్పి, రెండు తీగలు పీకి, కొత్తదానికి తగిలించేందుకు ఐదు నిమిషాలు చాలాయి. పాతదాన్ని చేతిలోకి తీసుకుంటే వెనుక గాడిలో తీగ చుట్ట ఒకచోట తెగి, చివర నల్లటి పూస కట్టి ఉంది.

ఇంజను ఆడుతుండగా ఆవిడ అదే గ్లవ్ బాక్సులోంచి ఆకుపచ్చ అట్ట నోటుబుక్కు తీశారు. 1968 జూన్ నుంచి పోయించిన ప్రతి పెట్రోలు, మార్చిన ప్రతి నూనె, మైళ్ల అంకెలతో సహా, ఒకే చేతి నిలువు అక్షరాల్లో ఉన్నాయి. చివరి రెండు పేజీలు ఆవిడ రాత. ఆవిడ పెన్ను నా చేతికిచ్చి, మీటరు అంకె చదివి వినిపించారు. తేదీ, 38,641, బాలాస్ట్ రెసిస్టర్ మార్చడమైనది అని ఇంగ్లీషులో రాసి, వాళ్లిద్దరూ రాసిన పద్ధతిలోనే కింద గీత గీశాను.